జగన్నాథరావు గారి బోణీ

నా కూతురు సౌజన్య తన ఆటని ఇంటర్నెట్టులో అమ్మకానికి పెట్టిన రోజున మొదటి బేరమే సున్నా రూపాయలకి పోయింది. ఎవరో తీసుకున్నారని ఆ పిల్ల ఇంట్లో గంతులేసింది. నేను మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను.

నా పేరు వరహాలరావు. పాడేరు మెయిన్ రోడ్డు మీద ముప్పై ఏళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో విజయనగరం పక్కనుంచి ఘాటీ ఎక్కి వచ్చినవాణ్ణి. మామూలు రోజుల్లో ఉప్పూ పప్పూ నూనే అమ్ముతాను. సంత రోజున పై ఊళ్ళ నుంచి దిగిన మిరియాలూ పసుపూ రాజ్మా కొంటాను. ఇన్నేళ్ళలో బోణీ లేకుండా ఒక్క పూట కూడా కొట్టులో కూర్చోలేదు. పొద్దున్నే గుమ్మంలో పసుపు నీళ్ళు చల్లి, అగరొత్తి వెలిగించాక వచ్చే మొదటి మనిషి చేతిలోంచి ఎంతో కొంత గల్లాపెట్టెలో పడాలి. అగ్గిపెట్టె కొన్నా సరే. ఆ మనిషికి అరువివ్వను, ఊరికే ఇవ్వను, బేరం కుదరలేదని వెనక్కి పంపను. అవసరమైతే నష్టానికే ఇచ్చి ఆ డబ్బు కళ్ళకద్దుకుంటాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

అలాంటివాడి కూతురు అమ్మకం మొదలుపెట్టిన మొదటి నిమిషంలోనే సున్నా బోణీ చేయించుకుంది.

ఆట అంటే ఫోనులో ఆడేది కాదు. బల్ల మీద కాగితాలు పరుచుకుని, పాచికలు వేసుకుని, నలుగురు చుట్టూ కూర్చుని ఆడేది. దాని పేరు కావిడి. కొండ మీది ఊరి నుంచి కావిడిలో సరుకు వేసుకుని సంతకి దిగాలి, దార్లో వాన వస్తుంది, జీపు తప్పిపోతుంది, ఒక తట్ట బరువెక్కి రెండోది తేలిపోతుంది, ఇంతా చేసి సంతలో అమ్ముకోవాలి. ఇంతవరకే నాకు తెలుసు, అదీ అన్నం తింటూ విన్నది. పోనీ ఆవిడ అమ్మేది ఆట సామానా అంటే అదీ కాదు. నియమాలు! పద్నాలుగు పేజీలు. కొన్నవాడే ప్రింటు తీసుకుని, చింతపిక్కలో కాఫీ గింజలో పెట్టుకుని ఆడుకోవాలిట. ఇలాంటి ఆటల పిచ్చి ఉన్నవాళ్ళు దేశమంతా ఉన్నారట.

"బాగానే ఉన్నాది గానీ, రేటు రాయనేదేటమ్మా?" అన్నాను ఆ రోజు.

"మీకు తోచినంత ఇవ్వండి అని పెట్టాను నాన్నా. సున్నా కూడా వెయ్యొచ్చు."

"సున్నా ఇచ్చేవోడికి సరుకెందుకిత్తావు?"

"ఈ ఆటలవాళ్ళలో అదో పద్ధతి. ముందు తీసుకుంటారు, ఆడతారు, నచ్చితే మళ్ళీ వచ్చి ఇస్తారు."

"మళ్ళీ వచ్చా? రేపొచ్చి ఇత్తానని టీ తాగి ఎల్లినోడు మన బస్టాండులో ఒక్కడొచ్చేడేటి ఇప్పటిదాకా?"

సౌజన్య నవ్వింది. "నేను వంద అని రాస్తే కొన్నాడో లేదో ఒక్కటే తెలుస్తుంది. ఇలా వదిలేస్తే నా ఆట చూసి వాడికి ఏం తోచిందో తెలుస్తుంది. నాకు కావలసింది అదే."

నాకు ఆ మాట అర్థం కాలేదు. ధర చెప్పకుండా డబ్బు వేయించుకునే చోటు నాకు తెలిసి దేవుడి హుండీ ఒక్కటే. నా కూతురేమో హుకుంపేట వైపు ఒక గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు. పరీక్ష రాసి, పదిహేను వేల మందిని దాటి తెచ్చుకున్న ప్రభుత్వోద్యోగం. ఉద్యోగం ఉంది కదా, ఈ కాగితాల పిచ్చి పక్కన ఉంటే ఉండనీ అనుకున్నాను. కానీ ఆ సున్నా బోణీ మాత్రం నన్ను వదల్లేదు. చూస్తూ చూస్తూ పిల్ల చేతికి అరిష్టం ఎలా అంటనిస్తాం?

ఆ మర్నాడు కొట్టు తెరిచి తిన్నగా పక్కనున్న దేవీప్రసాద్ సెల్ ఫోన్ల షాపుకి వెళ్ళాను. సౌజన్య ఆట పేజీ తీయించాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను.

"పేరేటి పెట్టమంటారు?" అన్నాడు దేవీప్రసాద్.

నా పేరు పెట్టకూడదు కదా. నేను కుర్రతనంలో పని నేర్చుకున్న పాత షావుకారి పేరు నోటికొచ్చింది. ఆయన పోయి పదేళ్ళయింది.

"జగన్నాథరావు. ఊరు విజయనగరం."

"ఎంత ఎయ్యమంటారు?"

"నూట పదహారు."

శుభమా అని బోణీ చేస్తూ ఇంకెంత వేస్తాం? కింద ఏదో రాయమని ఇంకో గడి అడిగితే శుభమస్తు అని కొట్టించాను. డబ్బు వెళ్ళింది. నా మనసు తేలికపడింది.

ఒక్క రోజుతో ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ బోణీ అంటే ఏ రోజుకా రోజు చెయ్యవలసింది. ఒకనాడు చేసి మర్నాడు మానేస్తే అసలు చెయ్యకపోవడం కన్నా చెడ్డది. దేవీప్రసాద్ దగ్గరే దీనికోసం ఇంకో ఫోను కొని, నొక్కడం నేర్చుకున్నాను. అప్పట్నుంచి రోజూ నా కొట్టుకి అగరొత్తి వెలిగించి, నా బోణీ కాగానే చాటుగా రెండో ఫోను తీసి కూతురికి బోణీ చేసేవాణ్ణి. మా బుధు మూటలు దించుతూ ఓరగా చూసేవాడు. బుధు నా దగ్గర పదిహేనేళ్ళుగా మూటలు మోసి, తూకం దగ్గర సాయం చేసే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. హుకుంపేట దాటి కొండ మీద వాళ్ళ ఊరు. అక్కడ సెల్లు సిగ్నలు దొరకదు. అందుకని వాడు కూడా పొద్దున్నే కొట్టు మెట్ల మీద కూర్చుని కాసేపు ఫోను చూసుకునేవాడు.

వారం తిరిగేసరికి మొదటి భయం పట్టుకుంది.

ఇంట్లో ఉప్మా తింటున్నాం. సౌజన్య పళ్ళెం పక్కన పెట్టుకుని ఫోనులో ఏదో టైపు చేస్తోంది. చేసి ఒక్క నొక్కు నొక్కింది. నా చొక్కా జేబులో టింగుమంది.

"ఎవరండీ పొద్దున్నే?" అంది మా ఆవిడ సీతామహాలక్ష్మి.

"కంపెనీవోళ్ళు. నూనె రేట్లు," అన్నాను. గ్లాసెడు నీళ్ళు తాగాను.

కొట్టుకి వెళ్ళి చూస్తే సౌజన్య రాసిన ఉత్తరం. జగన్నాథరావు గారికి నమస్కారం, మీరు రోజూ ఒక ప్రతి కొంటున్నారు, ఎవరెవరికో పంచుతున్నట్టున్నారు, మీలాంటి పెద్దలు ఆదరిస్తుంటే చాలా ధైర్యంగా ఉంది, మీ ఇంట్లో ఎంతమంది ఆడతారు, ఏ నియమం బాగుంది, ఏది బాగులేదు, దయచేసి చెప్పండి అని ఉంది. నా కూతురు నాకెప్పుడూ ఇంత మర్యాదగా ఒక్క ముక్క రాయలేదు. రెండుసార్లు చదువుకున్నాను. ఏం జవాబు రాయాలో తెలియక ఫోను సొరుగులో పడేశాను.

ఆ తరవాత వారానికో ఉత్తరం వచ్చేది. నేను జవాబివ్వలేదు. డబ్బు మాత్రం వేస్తూనే ఉన్నాను. జ్వరం వచ్చి మంచం మీద ఉన్న రోజున కూడా దుప్పటి ముసుగులో వేశాను.

ముప్పై ఏడో రోజున, ఒక బుధవారం పొద్దున్న, సీతామహాలక్ష్మి కొట్టుకి టిఫిను పట్టుకొచ్చింది. ఎప్పుడూ అలా రాదు. బియ్యం బస్తా మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీకొక మాట సెప్పాల. అరవకండి."

"అరవకండన్నావంటే అరిసే మాటేనన్నమాట. సెప్పు."

"మన గుంట ఉద్యోగం మానేత్తాదట."

చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది.

ఆవిడ అంతా చెప్పుకొచ్చింది. ఆట పెట్టిన మర్నాడే సౌజన్య తల్లి దగ్గర ఒక మాట అనుకుందట. అయ్యప్ప మాల వేసినవాళ్ళు మండలం దీక్ష పడతారు కదా, అలాగే తనకీ నలభై ఒక్క రోజులు. ఇవ్వనక్కర్లేదని రాసిపెట్టినా, రోజూ ఎవరో ఒక తెలియని మనిషి తనంతట తాను డబ్బివ్వాలి. ఒక్క రోజు ఖాళీ పోయినా నోరు మూసుకుని ఉద్యోగం చేసుకుంటుంది. నలభై ఒక్క రోజులూ నిండితే మాత్రం ఉద్యోగం వదిలేసి, పూర్తిగా ఆటలు తయారుచెయ్యడం మీదే కూర్చుంటుంది.

"మొదట్లో అప్పుడప్పుడు బెంగళూరు వోళ్ళెవరో ఇరవై, ముప్పై ఏసేరట. ఇప్పుడదీ నేదు. అయినా ఒక్క రోజూ ఖాళీ పోనేదట. విజయనగరం పెద్దాయనెవరో ఉన్నాడట కదండీ, జగన్నాథరావని. ఆయన రోజూ వత్తన్నాడట. గుంటకి ఆయనంటే గురి కుదిరిపోయింది. ఆదివారంతో మండలం నిండిపోద్ది. సోమవారం కాగితం ఇచ్చేత్తాదట. టైపు సేసి సంచిలో ఎట్టుకున్నాది కూడా."

"నాకెందుకు ముందు సెప్పనేదు?"

"మీరు అరుత్తారని."

నేను అరవలేదు. ఆ పూట జగన్నాథరావు బోణీ అప్పటికే అయిపోయింది.

ఆ రోజంతా గల్లాపెట్టె ముందు కూర్చుని ఒకటే ఆలోచన. నా బుద్ధి తక్కువతనం కాకపోతే, సున్నా బోణీ పోనిస్తే ఏమయ్యేది? మొదటి వారంలోనే దీక్ష చెడేది, పిల్ల రెండు రోజులు మొహం ముడుచుకుని మామూలైపోయేది. నా చేత్తో నేనే దాని ఉద్యోగం పీకేస్తున్నాను. రేపు ఆ కాగితం ఇచ్చేశాక, జగన్నాథరావు లేడని తెలిసిన రోజున నా కూతురు ఏమైపోవాలి?

పోనీ చెప్పేస్తే? చెబితే నా మొహం మళ్ళీ చూస్తుందా?

చెప్పక్కర్లేదు, ఒక్క రోజు ఫోను ముట్టకపోతే చాలు అని లోపల నుంచి ఇంకో గొంతు. ఒక్క రోజు ఖాళీ పోతే ఉద్యోగం నిలబడుతుంది. నేనేం చేశానో ఎవరికీ తెలియదు. ఇది ఎంత చవకబారు ఆలోచనో నాకు తెలుసు. అయినా దాన్నే పట్టుకున్నాను.

గురువారం మానేద్దామనే కొట్టు తెరిచాను. అగరొత్తి వెలిగించాను. ఆ పొగ చూసేసరికి చెయ్యి దానంతట అదే ఫోను మీదకి వెళ్ళింది. నూట పదహారు వేసేశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. సిగ్గుతో చచ్చాను.

శుక్రవారం సంత. ముప్పై తొమ్మిదో రోజు. ఆ పొద్దున్న కొట్టు తలుపు తీయకముందే ఫోను ఆపేసి, సొరుగులో అడుగున పెట్టి, తాళం వేశాను. ఉప్పు ప్యాకెట్టు కోసం వచ్చిన ముసలమ్మ నాకు బోణీ చేసింది. నా కూతురికి ఆ రోజు బోణీ లేదు.

సంత రోజున ఊపిరి తిరగదు. తట్టల్లో మిరియాలూ పసుపు కొమ్ములూ దిగుతూనే ఉన్నాయి. బుధు తూకం మీద పోస్తుంటే నేను రేటు చెప్పి డబ్బిస్తున్నాను. అయినా చెవి ఇంటి వైపే. మా ఇల్లు కొట్టు వెనకాలే. సౌజన్య ఆఫీసుకి బయలుదేరుతూ గుమ్మంలో ఆగి ఫోను చూసుకుంది. స్కూటీ ఎక్కి మళ్ళీ చూసుకుంది. వీధి మలుపులో బండి ఆపి ఇంకోసారి చూసుకోవడం కూడా నాకు కనపడింది. లెక్క తప్పి ఒక మనిషికి వంద ఎక్కువిచ్చేశాను. అది కూడా బుధు చెబితే తెలిసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి కారియరు పట్టుకుని సౌజన్యే వచ్చింది. సంత రోజున నేను అన్నానికి లేవనని దానికి తెలుసు. పూట సెలవు పెట్టిందట. మొహం వాడిపోయి ఉంది. కారియరు నా ముందు పెట్టి, తూకం పక్కన ఎత్తు పీట మీద కూర్చుంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి అక్కడే కూర్చునేది.

"తింటావేటమ్మా నువ్వు కూడా?"

"ఆకలి లేదు నాన్నా."

దీక్ష పాడవుతోందని దిగులు పడుతోంది, రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ముద్ద కలిపాను.

"నాన్నా, విజయనగరంలో నీకు తెలిసినవాళ్ళు ఉన్నారు కదా. ఒక మనిషి గురించి కనుక్కుంటావా?"

"ఎవరి గురించి?"

"జగన్నాథరావు గారని. ఊరు తప్ప ఇంకేం తెలీదు. పెద్దాయన అనుకుంటాను. ముప్పై ఎనిమిది రోజులు ఒక్క పూట తప్పలేదు, రోజూ ఎనిమిదిలోపే నా పేజీకి వచ్చేవారు. ఇవాళ రాలేదు. ఒంట్లో బాగోలేదేమో. ఒక్కరే ఉంటున్నారేమో. పొద్దున్నుంచి మూడు మెసేజీలు పెట్టాను, ఎలా ఉన్నారని. జవాబు లేదు."

"డబ్బు రానేదనా నీ బెంగ?"

సౌజన్య నా వైపు విచిత్రంగా చూసింది. "డబ్బుదేముంది నాన్నా. మనిషికి ఏమయిందో అని."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం ఎందుకు, గల్లాపెట్టె ముందు, సంత జనం ముందు, యాభై రెండేళ్ళవాడికి ఏడుపొచ్చింది. ఎంగిలి చెయ్యి కడుక్కుని, మొలతాడుకున్న తాళంచెవి తీసి సొరుగు తెరిచాను. ఫోను ఆన్ చేసి దాని ముందు పీట మీద పెట్టాను. వెలగడానికి కాస్త టైము పట్టింది. సౌజన్య ఏమీ అర్థం కాక చూస్తోంది.

టింగుమంది. మళ్ళీ టింగుమంది. మూడోసారి కూడా.

తన ఉత్తరాలు తనే చూసుకుంది. జగన్నాథరావు గారూ, మీ ఆరోగ్యం బాగుందా. అది చూసి ఫోను వంక, నా వంక, మళ్ళీ ఫోను వంక చూసింది. మిరియాలు తెచ్చిన మనిషి తూకం ముందు నిలబడి ఉన్నాడు. బుధు వాణ్ణి కాస్త ఆగమన్నాడు.

"ఎందుకు?" అంది.

"మొదటి రోజు ఎవడో సున్నాకి ఎత్తుకుపోయేడు కదమ్మా. బోణీ అలా అయిపోతే మంచిది కాదని... నీ దీక్ష సంగతి నాకు బుధవారం దాకా తెల్దు. మీ అమ్మ మీదొట్టు. తెలిసేక, ఉద్యోగం పోతాదని ఇవాళ మానేసేను."

"ముప్పై ఎనిమిది సార్లు కొన్నావు."

"ఆఁ."

"చదివావా?"

నేను తూకం ముల్లు వైపు చూశాను.

"ఒక్కసారైనా తెరిచావా నాన్నా? అన్నిసార్లు కొన్నావు కదా. ఒక్క పేజీ?"

ఉత్తరాలు చదివానమ్మా అందామనుకున్నాను. దానికి అర్థం లేదని నాకే తెలుసు. తోచినంత ఇమ్మని పిల్ల అడిగింది. నాకేమీ తోచకుండానే ముప్పై ఎనిమిది సార్లు ఇచ్చాను. తల అడ్డంగా ఆడించాను.

అప్పుడు బుధు నోరు తెరిచాడు. వాడికి మా గొడవ సగమే అర్థమైనట్టుంది.

"ఆ సున్నాకి తీసుకున్నోణ్ణి నానే, పాపగారూ. మీరు సూడమన్నారు కదా అని ఇక్కడ మెట్ల మీద కూకుని దించుకున్నాను. ఊళ్ళో దినమూ ఆడతన్నారు మావోళ్ళు. గోనె మీద బొగ్గుతో గీసేం." అని నా వైపు తిరిగాడు. "సావుకారు సదవనేదా? మొదటి పేజీలో తమరి పేరే కదా ఉన్నాది."

ఫోను నా చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడ నొక్కాలో బుధు చూపించాడు. మొదటి పేజీ తెరుచుకుంది. కావిడి అని పెద్దక్షరాలు, దాని కింద రెండు వాక్యాలు. ఈ ఆట మా నాన్న వరహాలరావు గారి కొట్టులో, తూకం పక్కన పీట మీద కూర్చుని నేర్చుకున్నది. తూకంలో తేడా తెలియని ఆయన చేతికి దీన్ని ఇస్తున్నాను.

ముప్పై ఎనిమిది సార్లు అది నా ఫోనులోకి వచ్చి కూర్చుంది.

"ఆట బాగున్నాది పాపగారూ," అని బుధు ఇంకా చెబుతున్నాడు. "మావోళ్ళు ఒక్క నియమం కలుపుకున్నారు. మీరు రాయడం మర్సిపోనారేమో అనుకున్నాం. తూకం ఏసినోడు తేమ కింద పిడికెడు తీసుకుంటాడు కదా, అది నేకపోతే సంత ఎలాగవుద్ది?"

సౌజన్య తూకం వైపు చూసింది. పళ్ళెంలో మిరియాలు ఇంకా ఉన్నాయి. పక్కన, సరుకు ఆరితే తూకం తగ్గుతుందని తేమ కింద తీసిన పిడికెళ్ళు పోసే తట్ట ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ తట్ట అక్కడే ఉంది. ఈ వీధిలో ప్రతి కొట్టులోనూ ఉంది. అందరూ తీసేదే, అడిగినవాడు లేడు. చిన్నప్పుడు ఆ పీట మీద కూర్చున్న పిల్ల అది కూడా తూకంలో భాగమే అనుకుని ఉంటుంది.

సౌజన్య నన్నేమీ అడగలేదు. అడిగితే బాగుండేది. కారియరు గిన్నెలు సర్దుకుని, "అన్నం పూర్తిగా తినలేదు నువ్వు," అని ఒక్క మాట అని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

సోమవారం మామూలుగా ఆఫీసుకి వెళ్ళింది. కాగితం ఇవ్వలేదు. నాకు కావలసింది అదే కదా, జరిగింది. అయినా వారం రోజులు నాకు అన్నం సయించలేదు. పిల్ల నాతో మాట్లాడుతూనే ఉంది, కాఫీ ఇస్తూనే ఉంది, మొహంలోకి మాత్రం చూడదు. ఎప్పుడు ఏమంటుందో అని ప్రతి అడుగు చప్పుడుకీ ఉలిక్కిపడేవాణ్ణి.

తరవాతి గురువారం పిల్లే ఆ సంగతి కదిలించింది.

"కొత్త ప్రతి పెట్టాను. ఇవాళ్టి నుంచి మళ్ళీ ఒకటో రోజు. నువ్వు డబ్బు వెయ్యకూడదు."

"బోణీ కూడానా?"

"బోణీ కూడా వద్దు. కాగితం సంచిలోనే ఉంది నాన్నా, చింపలేదు. ఈసారి నిండితే నిజంగా నిండాలి, పోతే నిజంగా పోవాలి."

నలభై ఒక్క రోజులు మళ్ళీ! ఏ రోజుకా రోజు ఖాళీ పోవాలని దండం పెట్టుకోవాలో, నిండాలని పెట్టుకోవాలో నాకిప్పటికీ తెలియదు. ఆ శుక్రవారం పొద్దున్న, కొట్టు తలుపు తియ్యకముందు, మెట్ల మీద బుధు పక్కన కూర్చుని పేజీ తెరిచాను. ఎంత ఇస్తారు అని అడిగింది. బతుకులో మొదటిసారి సున్నా వేశాను. వేసి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. మొదటి పేజీలో నా పేరు అలాగే ఉంది. తూకం మాట ఉన్న రెండో వాక్యం లేదు.

తొమ్మిదో పేజీలో కొత్త నియమం ఉంది. తూకం వేసే ఆటగాడు ఎవరూ చూడకుండా పిడికెడు గింజలు తీసుకోవచ్చు. ఎవరైనా చూసి, చూశాను అని పైకి అంటే, అక్కడికక్కడ తిరిగి పోసెయ్యాలి. ఈ నియమం చెప్పినవారు బుధు. అక్కడ ఆగిపోయాను. పద్నాలుగో పేజీ దాకా చదవడానికి ఆ రోజు నాకు మనసు రాలేదు.

సంత మొదలైంది. మొదటి తట్ట ఒక ముసలావిడది, మిరియాలు. బుధు పళ్ళెంలో పోశాడు. నేను రేటు చెప్పాను, ముల్లు ఇంకా నిలవలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు కదా, నా చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళి గుప్పెడు పట్టింది.

"సూసేను, సావుకారూ," అన్నాడు బుధు.

పెద్దగా అనలేదు. నవ్వలేదు కూడా. పదిహేనేళ్ళలో వాడు తూకం దగ్గర నోరెత్తడం అదే మొదలు. ముసలావిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. నేను పళ్ళెం మీద చెయ్యి పెట్టి పిడికిలి విప్పాను.